గీత తెగిందా, తెంచారా?

మీ ఊళ్ళో మంచినీళ్ళ పైపులు ఏ వీధి కింద ఎటు పోతున్నాయో మీకు తెలుసా? మా ఊరివి నాకూ తెలీదు. కానీ అమెరికాలో నేనెప్పుడూ కాపురం ఉండని ఒక చిన్న ఊరి పైపులు మాత్రం దాదాపు కంఠతా వచ్చు. 2018లో ఏడు నెలలపాటు ఆ ఊరి నీటిసరఫరా శాఖలో కాంట్రాక్టు చేశాను. పని పేరు వినడానికి చాలా చప్పగా ఉంటుంది: ఆటోకాడ్ మ్యాప్‌లో ఉన్న పాత డ్రాయింగులన్నిటినీ జియోస్పేషియల్ డేటాబేసులోకి ఎక్స్‌పోర్టు చెయ్యడం. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే మూడు వారాలన్నాను. ఫైలు తెరవడం, ఎక్స్‌పోర్టు బటను నొక్కడం, కాఫీ తాగి రావడం, ఇంతే కదా అనుకున్నాను. (నవ్వకండి. మీలో సగంమంది ఇలాంటి ఎస్టిమేట్లు ఇచ్చే ఇక్కడ బతుకుతున్నారని నాకు తెలుసు.)

ఆ డ్రాయింగులు పాత కాగితపు పటాల నుంచి డిజిటైజరు బల్ల మీద చేత్తో ఎక్కించినవి. కలవాల్సిన గీతలు చాలాచోట్ల కలవకుండా కాస్త ఎడంగా ఆగిపోయి ఉండేవి. ఈ రోగానికి ఆటోకాడ్ మ్యాప్‌లో 'డ్రాయింగ్ క్లీనప్' అని ఒక మందుంది. ఇంత దూరం లోపల ఆగిపోయిన గీతలుంటే పొడిగించి ఎదుటి గీతకి తగిలించు అని చెబితే చాలు, వేల గీతల్ని క్షణాల్లో అతికేస్తుంది. నేను దూరం పది అడుగులని పెట్టాను. అతికాక ఎక్స్‌పోర్టు చేశాను. రెండో వారంలోనే అందరినీ కూర్చోబెట్టి డెమో ఇచ్చాను. పటంలో ఏ పైపు మీద నొక్కినా, అది పగిలితే ఏయే వాల్వులు కట్టేయాలో ఎర్రగా వెలిగి కనిపిస్తాయి. అందరూ చప్పట్లు కొట్టారు, వెనక వరసలో ఒక పెద్దాయన తప్ప.

ఆయన ఆ శాఖలో ముప్పై అయిదేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మన్. మరో మూడు నెలల్లో రిటైరవుతున్నాడు. మెల్లిగా లేచి వచ్చి తెర మీద ఒక కూడలి దగ్గర వేలు పెట్టాడు. ఈ రెండు పైపులూ ఇక్కడ కలవవు, ఇది పైన పోతుంది, అది దీని కిందనుంచి దూరిపోతుంది అన్నాడు. నువ్వు చూపించిన వాల్వులు కడితే ఆ పక్క ఆస్పత్రికి నీళ్ళు ఆగిపోతాయి, పగిలిన పైపు మాత్రం కారుతూనే ఉంటుంది, గుంటలో దిగినవాళ్ళు చలికాలం అర్ధరాత్రి నడుం లోతు నీళ్ళలో నిలబడతారు అని కూడా అన్నాడు. గొంతు పెంచలేదు. అసలు డ్రాయింగు తెరిచి చూపించాడు. కింద పోయే పైపుని ఆ కూడలి దగ్గర కావాలని తెంచి గీశాడాయన. కాగితం మీద అది అంగుళంలో ఎనిమిదో వంతు ఖాళీ. యాభై అడుగులకు అంగుళం లెక్కన నేల మీద ఆరడుగుల చిల్లర. నేను పెట్టిన పది అడుగుల్లో శుభ్రంగా ఇమిడిపోయింది. ఆ ఖాళీ పొరపాటు కాదు, 'నేను కిందనుంచి పోతున్నాను' అని చెప్పే మాట. నా క్లీనప్ ఆ మాటని తుడిచేసి రెండు పైపుల్నీ వెల్డింగు చేసిపారేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా తప్పు సంగతి సరే, అసలు సాఫ్ట్‌వేరుకి ఆ నమ్మకం ఎక్కణ్ణించి వచ్చింది? రెండు గీతలు అంత దగ్గరగా ఉంటే కలవాల్సిందే, ఒకదాన్నొకటి దాటితే అక్కడ కూడలి ఉండాల్సిందే అని దానికి ఎవరు నేర్పారు? తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, డ్రాయింగు, జి.ఐ.ఎస్. అనేవి ఒక తల్లి పిల్లలు కావు. రెండు వేరే వంశాలు. ఇద్దరూ గీతలే గీస్తారు గానీ, గీత అంటే ఇద్దరికీ అర్థం వేరు.

ముందు డ్రాయింగు వంశం. 1963లో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తన పి.హెచ్.డి. కోసం స్కెచ్‌ప్యాడ్ రాశాడు. టి.ఎక్స్.-2 అనే గదంత కంప్యూటరు తెర మీద లైట్ పెన్నుతో గీతలు గీయడం. తమాషా ఏమిటంటే ఆ మొదటి ప్రోగ్రాముకే తెలివెక్కువ. ఈ గీత ఆ గీతకి సమాంతరంగా ఉండాలి, ఈ రెండూ ఒకే పొడవుండాలి అని చెబితే గుర్తుపెట్టుకునేది. ఆ తరువాత ఇరవై ఏళ్ళకి, 1982లో, జాన్ వాకర్, అతని మిత్రులు కలిసి ఆటోడెస్క్ కంపెనీ పెట్టారు. మైక్ రిడిల్ రాసిన ఇంటరాక్ట్ అనే ప్రోగ్రామునుంచి ఆటోకాడ్ పుట్టింది. అదే ఏడాది డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. చిన్న పర్సనల్ కంప్యూటరులో నడవాలి కాబట్టి ఆ తెలివితేటలన్నీ పెట్టుకునే చోటు లేదు. గీత ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఏ రంగు, ఏ లేయరు, అంతే. మిగతా అర్థమంతా గీసినవాడి బుర్రలోనూ చూసేవాడి కంట్లోనూ ఉంటుంది. డ్రాయింగు చివరికి కాగితం మీద అచ్చయి, దాన్ని చదవడం వచ్చిన మనిషి చేతిలోకే పోతుంది కదా, అంతకంటే ఎందుకు అనుకున్నారు. ఆ రోజులకి అది సబబే.

రంగుల సంగతి చెప్తే మీకింకా బాగా అర్థమవుతుంది. ఆ ఊరి డ్రాయింగుల్లో కొన్ని పైపులు ఎర్రగా, కొన్ని పచ్చగా, కొన్ని నీలంగా ఉండేవి. ఎరుపంటే ఫైరు హైడ్రెంట్లకి పోయే లైను, నీలమంటే మంచినీళ్ళు అని నేనే ఊహించేసుకుని రంగుని బట్టి 'పైపు రకం' అని ఒక కాలం నింపాను. అది కూడా తప్పే. పాతకాలపు పెన్ ప్లాటర్లలో నిజంగానే వరసగా పెన్నులు బిగించి ఉండేవి. ఆటోకాడ్‌లో ఒకటో నంబరు రంగు ఎరుపు, రెండు పసుపు, మూడు ఆకుపచ్చ. ఏ నంబరు గీతకి ఏ పెన్ను తియ్యాలో ప్లాటరుకి చెప్పేవాళ్ళు. అంటే ఎరుపు ఎరుపు కాదు, ఆ ఆఫీసులో సన్నపాళీ పెన్ను. తెర మీద రంగు, కాగితం మీద మందం. పెన్ ప్లాటర్లు అటకెక్కి పాతికేళ్ళయినా రంగులు మాత్రం ఫైళ్ళలో అలాగే ఉండిపోయాయి.

ఇక పటం వంశం. ఇది కెనడాలో మొదలైంది. రోజర్ టామ్లిన్సన్ అనే భూగోళ శాస్త్రవేత్త అటావాలో స్పార్టన్ ఎయిర్ సర్వీసెస్ అనే ఏరియల్ సర్వే కంపెనీలో పనిచేసేవాడు. కెన్యాలో చెట్లు పెంచడానికి అనువైన చోటు వెతకమని ఒక పని వచ్చింది. నేల పటం, వాన పటం, రోడ్ల పటం ఇలా ఒకదాని మీద ఒకటి పరిచి చేత్తో లెక్క తీయడానికి అయ్యే ఖర్చు చూసి పనే వదులుకోవాల్సి వచ్చింది. దీన్ని కంప్యూటరుతో చెయ్యలేమా అన్న పురుగు అప్పుడే తొలవడం మొదలెట్టింది. 1962లో ఒక విమాన ప్రయాణంలో పక్క సీట్లో వ్యవసాయ శాఖకి చెందిన లీ ప్రాట్ కూర్చున్నాడు. కెనడా ప్రభుత్వం అప్పుడే ల్యాండ్ ఇన్వెంటరీ అనే మహాయజ్ఞం తలపెట్టింది. 25 లక్షల చదరపు కిలోమీటర్లకి పైగా నేలని, ఏది సాగుకి పనికొస్తుంది, ఏది అడవికి, ఏది జంతువులకి అని పటాలెక్కించాలి. ఆ మాటల్లోంచే ప్రపంచంలో మొదటి జి.ఐ.ఎస్. అని చెప్పుకునే కెనడా జియోగ్రాఫిక్ ఇన్ఫర్మేషన్ సిస్టం పుట్టింది. పటాల్ని చదివే స్కానరు అప్పటికి ఎక్కడా దొరక్కపోతే ఐ.బి.ఎం. వాళ్ళు దీనికోసమే ఒకటి తయారు చేశారు. నేల మీద పక్కపక్కన ఉన్న ముక్కలు టేపు మీద కూడా వీలైనంత పక్కపక్కనే ఉండేలా గై మోర్టన్ 1966లో ఒక అంకెల వరస కనిపెట్టాడు. మోర్టన్ ఆర్డర్ పేరుతో డేటాబేసుల్లో అది ఇవాళ్టికీ వాడుకలో ఉంది.

నన్ను పట్టి ఆపింది వేరే విషయం. ఆ సిస్టంలో సమాచారాన్ని రెండు భాగాలుగా పెట్టుకున్నారు. హద్దు గీతలన్నీ ఒకచోట: ఇమేజ్ డేటా సెట్. ఆ హద్దుల లోపల ఏముందో ఇంకోచోట: డిస్క్రిప్టర్ డేటా సెట్. రెంటినీ కలిపేది ఒక్కో ముక్కకీ ఇచ్చిన నంబరు. ఇది చదవగానే 'ఓరి, ఇది మా తాతయ్య చెక్కపెట్టె కదా' అనుకున్నాను.

మా అమ్మ వాళ్ళ నాన్న తెనాలి దగ్గర ఒక పల్లెటూరికి కరణం. 1984 జనవరిలో ప్రభుత్వం కరణాల వ్యవస్థ రద్దు చేసేదాకా ఊరి లెక్కలన్నీ ఆయనవే. ఒకవైపు ఎఫ్.ఎం.బి.: ఒక్కో సర్వే నంబరుకీ ఒక్కో పటం, గొలుసులు, లింకుల్లో కొలతలు. గొలుసంటే 66 అడుగులు, అందులో నూరు లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఇంకోవైపు అడంగల్: అదే సర్వే నంబరు కింద ఎవరి భూమి, ఎంత, ఏ పంట వేశారు. పటంలో పేర్లుండవు, అడంగల్లో గీతలుండవు, మధ్యలో వంతెన సర్వే నంబరు. రెండు టేబుల్స్, ఒక కీ. మాస్టర్స్‌లో డేటాబేసు కోర్సుకి నేను వేల డాలర్లు పోశాను, అది వేరే సంగతి.

కానీ ఆ రెండు పుస్తకాల్లోనూ లేని మూడోది ఒకటుండేది. డెల్టాలో పంట కాలువ, మురుగు కాలువ ఒకదాన్నొకటి దాటే చోట్లుంటాయి. పటంలో రెండు జతల గీతలు అడ్డంగా కనిపిస్తాయంతే. నేల మీద మురుగు నీళ్ళు పంట కాలువ కింద తూములోంచి అవతలికి పోతాయి. ఏ నీళ్ళు ఏ నీళ్ళలోనూ కలవవు. ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా అది తెలుసు కాబట్టి ఎవరూ రాసిపెట్టలేదు. పదవి పోయాక కూడా చాలా ఏళ్ళు జనం మా తాతయ్య అరుగు మీదికి వచ్చి ఈ డొంక ఎంతవరకు, ఆ బోదె నీళ్ళు ఎటు అని అడిగేవాళ్ళట. పుస్తకాలు మండలాఫీసుకి చేరాయి. ఆ మూడోది మాత్రం అరుగు మీదే ఉండిపోయింది.

మళ్ళీ కథలోకొద్దాం. భూమిని పటమెక్కించేటప్పుడు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఒకే చోట రెండు ముక్కలుండవు. హద్దు గీతకి ఎడమవైపు ఒక పొలం, కుడివైపు ఒక పొలం. రెండు హద్దులు ఒకదాన్నొకటి దాటితే అక్కడ నాలుగు పొలాలు కలిసే మూల ఉన్నట్టే. ఈ సూత్రాన్ని గణితంగా బిగించినవాళ్ళు అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్ళు. 1970 జనాభా లెక్కల కోసం, న్యూ హేవెన్ ఊళ్ళో 1967లో మొదలుపెట్టిన ప్రయోగంలోంచి డైమ్ అనే పద్ధతి తెచ్చారు. ప్రతి వీధి ముక్కకీ ఎక్కణ్ణించి ఎక్కడికి, ఎడమ బ్లాకు ఏది, కుడి బ్లాకు ఏది అని రాసుకోవడం. జేమ్స్ కార్బెట్ అనే గణితజ్ఞుడు దీనికి టోపాలజీ పునాది వేశాడు. దీనివల్ల కంప్యూటరు తన తప్పులు తనే పట్టుకోగలిగేది. ఒక బ్లాకు చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి రాలేకపోతే ఎక్కడో గీత తప్పిపోయిందన్నమాట. నిజంగా అందమైన ఆలోచన.

అక్కణ్ణించి ఆ సూత్రం సాఫ్ట్‌వేరులోకి ఎక్కింది. హార్వర్డ్ కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబులో పనిచేసి వచ్చిన జాక్ డేంజర్‌మండ్, భార్య లారాతో కలిసి 1969లో కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో ఎస్రి పెట్టాడు. 1982లో, అంటే ఆటోకాడ్ పుట్టిన ఏడాదే, వాళ్ళు ఆర్క్/ఇన్ఫో విడుదల చేశారు. పేరులోనే ఉంది చూడండి: ఆర్క్ అంటే గీతలు, ఇన్ఫో అంటే టేబుల్స్. తాతయ్య చెక్కపెట్టే మళ్ళీ. అందులో క్లీన్ అని ఒక కమాండు ఉండేది. దగ్గరగా ఉన్న కొసల్ని కలుపుతుంది, గీతలు దాటుకున్న ప్రతిచోటా ఒక నోడు పెడుతుంది. పొలాలకీ వార్డులకీ అది వరం. పైపులకి అదే శాపం. ఎందుకంటే పైపులకి ఎడమ, కుడి అంటూ ఏమీ లేవు. పైన, కింద ఉన్నాయి. ఈ బాధ పైపులదొక్కటే కాదు. సెన్సస్ వాళ్ళ టైగర్ రోడ్ల డేటాని 2007, 2008లలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించినప్పుడు, ఫ్లైఓవరు మీది రోడ్డూ దాని కింది రోడ్డూ కూడలిలా అతుక్కుపోయిన చోట్లు కొల్లలుగా బయటపడ్డాయి. వాటిని జనం ఏళ్ళ తరబడి చేత్తో విడదీస్తూ కూర్చున్నారు.

1990లలో ఈ రెండు వంశాలకీ వియ్యం కుదిరింది. 1994లో ఓపెన్ జి.ఐ.ఎస్. కన్సార్షియం ఏర్పడింది. 1996లో ఆటోడెస్క్ ఆటోకాడ్ మ్యాప్ తెచ్చింది. 1999 నాటికి పాయింటు, లైను, పాలిగాను లాంటి ఆకారాల్ని ఎస్.క్యు.ఎల్. టేబుల్లో ఎలా పెట్టాలో ఒక ఉమ్మడి ప్రమాణం వచ్చేసింది. ఆరకిల్ తన పద్ధతిలో తను చేసింది. 2001లో కెనడాలోని విక్టోరియా ఊరినుంచి రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ వాళ్ళు పోస్ట్‌జి.ఐ.ఎస్.ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇక డ్రాయింగుని డేటాబేసులోకి పంపడం ఒక డైలాగు బాక్సు పని.

ఆ డైలాగు బాక్సుని ఒకసారి తీరిగ్గా చూడండి. 'మూసి ఉన్న పాలీలైన్లను పాలిగాన్లుగా పరిగణించాలా?' అని ఒక టిక్కు పెట్టె ఉంటుంది. ఎంత అమాయకంగా ఉందో కదా. చుట్టూ తిరిగి మొదటికొచ్చిన గీత ఒక చెరువా, ఒక చెరువు చుట్టూ వేసిన పైపా అన్నది డ్రాయింగుకి తెలీదు. సాఫ్ట్‌వేరు మనల్ని అడుగుతోంది, మనం కాఫీ చల్లారిపోతోందని టిక్కు పెట్టేస్తాం. చెరువు మధ్య లంక ఉంటే ఇంకో చిక్కు. డేటాబేసులో పాలిగానుకి కన్నం ఉండొచ్చు, డ్రాయింగులో ఒకదాని లోపల ఒకటి రెండు గీతలంతే. షేప్‌ఫైలు దారిలో పోతే వంపు గీతలన్నీ చిన్న చిన్న తిన్నటి ముక్కలైపోతాయి, ఎందుకంటే షేప్‌ఫైలుకి వంపు అంటే తెలీదు. కాలం పేర్లు పది అక్షరాలు దాటకూడదు. 'ఇన్‌స్టలేషన్ ఇయర్' అన్న పేరు తోకా తలా పోగొట్టుకుని ఏదో మందు పేరులా తయారైంది.

అడుగుల గొడవ కూడా చెప్పకపోతే నా పరువు పూర్తిగా పోయినట్టు కాదు. అమెరికాలో అడుగులు రెండు రకాలుండేవి. 1893 నాటి లెక్క ప్రకారం అడుగంటే మీటరులో 3937వ వంతుకి 1200 రెట్లు. 1959లో అంతర్జాతీయ ఒప్పందంతో అడుగు సరిగ్గా 0.3048 మీటర్లయింది. సర్వేయర్లు మాత్రం పాతదాన్నే ఉంచుకున్నారు. తేడా పది లక్షల అడుగులకి రెండడుగులు. ఇదీ ఒక తేడాయేనా అంటారా? అక్కడి స్టేట్ ప్లేన్ లెక్కల్లో ఒక బిందువు నంబరు ఇరవై లక్షల అడుగుల దగ్గర ఉండటం మామూలే. నేను ఎక్స్‌పోర్టులో తప్పు అడుగు ఎంచుకున్నాను. ఊరు మొత్తం నాలుగడుగులు పక్కకి జరిగింది. రోడ్డు అంచున ఉండాల్సిన వాల్వు పక్కింటివాళ్ళ గడ్డిలో తేలింది. 2022 ఆఖరుతో సర్వే అడుగుని అధికారికంగా రిటైరు చేశారు గానీ, పాత డ్రాయింగుల్లో ఉన్న అడుగులు ఆ ఉత్తర్వులు చదవవు కదా.

సరే, పెద్దాయన సంగతి. డెమో అయిన మర్నాడు నా క్లీనప్ మొత్తం పారేసి, ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. ఈసారి అతకడానికి కాదు. ఒక గీత ఆగిపోయి, ఇంకో గీతకి అవతల అదే వరసలో మళ్ళీ మొదలైన ప్రతి చోటునీ వెతికి జాబితా ఇవ్వడానికి. రెండువందల పైచిలుకు తేలాయి. డేటాబేసులో గీతలు దాటుకున్నంత మాత్రాన కలిసినట్టు కాదని నియమం మార్చాం. కొసకి కొస తగిలితేనే కలిసినట్టు. ప్రతి చోటుకీ మూడు కాలాలు పెట్టాం: కలుస్తుందా, ఏది పైన, ఎవరు చెప్పారు.

నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. చాలావాటికి చూడగానే చెప్పాడు. ఇది తెంచింది నేనే, ఇది నా ముందు ఆయన గీసింది, ఆయన చెయ్యి నాకు తెలుసు, ఆయన ఖాళీ కొంచెం పెద్దగా వదిలేవాడు. కొన్నిచోట్ల మాత్రం డిజిటైజరు మీద చెయ్యి జారి నిజంగానే తెగిపోయినవని ఒప్పుకున్నాడు. మూడో రోజు, ఇవన్నీ ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగారా అంటే, అడిగే అవసరం ఏముంది, నేనిక్కడే ఉన్నాను కదా అన్నాడు.

తొమ్మిది చోట్ల ఆయనకీ గుర్తు రాలేదు. వాటి ఎదురుగా 'తవ్వి చూడాలి' అని రాశాం. నా కాంట్రాక్టు అయిపోయేలోపు ఏవో రిపేర్ల పుణ్యమా అని వాటిలో రెండు తవ్వారు. ఒకచోట పైపులు కలిసే ఉన్నాయి. రెండోచోట మధ్యలో మూరెడు మట్టి ఉంది.